నోట పెట్టిన నైవేద్యం

శివరాత్రి దగ్గరపడితే గ్రేటర్ నోయిడా తోపుడుబండ్ల నిండా రేగుపండ్లే. బేర్ అంటారిక్కడ. మారేడుదళాలతో పాటు వాటినీ శివుడికి పెడతారు. మేముండే చోటికి దగ్గర్లోనే బిస్రఖ్ అనే ఊరుంది. రావణుడు పుట్టింది తమ ఊళ్లోనేనని అక్కడివాళ్ల నమ్మకం. తండ్రి విశ్రవసుడి పేరు మీదే ఊరికా పేరొచ్చిందంటారు, దసరాకు రావణుడి బొమ్మ తగలబెట్టే ఆనవాయితీ లేదు. అంతటి శివభక్తుడి ఊరి పక్కన ఉంటూ నేను శివుడికి పెట్టేది తీపికారం రేగుజామ్. చిన్నప్పుడు శ్రీకాళహస్తిలో రేగుపండ్లను బెల్లం, ఉప్పు, కారం, జీలకర్రతో దంచి, వడలుగా తట్టి ఎండబెట్టేవాళ్లం. ఇక్కడ 11వ అంతస్తు బాల్కనీలో ఫిబ్రవరి ఎండకు అవి ఆరవు. అందుకే పొయ్యెక్కించాను.

కిలో పండ్లు మునిగేటన్ని నీళ్లలో మెత్తగా ఉడికించి, జల్లెడ మీద రుద్ది తొక్కలూ గింజలూ తీసేస్తాను. ఆ గుజ్జులో 600 గ్రాముల ముజఫర్‌నగర్ బెల్లం, ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, రెండు చెంచాల గుంటూరు కారం. రేగుపండులోనే జిగురుంది, వేరే ఏమీ కలపక్కర్లేదు. చల్లటి పళ్లెంలో బొట్టు వేస్తే జారకుండా నిలవాలి. అప్పుడు నిమ్మకాయ పిండి దించుతాను.

చిక్కంతా రుచి చూడటం దగ్గరే. దేవుడికి పెట్టబోయేది నోట పెట్టకూడదని మా అత్తగారి నియమం. వాసన కూడా చూసేవారు కాదు. పులిహోరలో ఉప్పుకు చేతి కొలతే, ఒక్కనాడు తప్పింది లేదు. నేనూ అలాగే చేస్తూ వచ్చాను. నిరుడు నైవేద్యమయ్యాక మనవడి నోట్లో చెంచాడు పెడితే, కళ్లమ్మట నీళ్లు కారుస్తూ నా చీరచెంగుకు నాలుక తుడుచుకున్నాడు. కొత్త కారం పొట్లం, ఘాటెక్కువ. వాడికి పంచదార పెట్టి ఊరుకోబెట్టాను గానీ నాకే మనసు ఊరుకోలేదు. మనవడికి పెట్టలేనిది శివుడికి పెట్టానే! శుచిగా పెట్టాను, సరే. ప్రేమగా పెట్టానా?

వాల్మీకి అరణ్యకాండలో శబరి, పంపాతీరంలో దొరికే అడవి ఫలాలు రాముడి కోసం కూడబెట్టానంటుంది. కొరికి చూసిందన్న మాట అందులో లేదు, తర్వాతి భక్తులు చేర్చుకున్నదే. అలా చేర్చుకున్నారంటేనే నాకు ముచ్చటేస్తుంది. రుచి చూడకుండా పెట్టడం శబరికి తగినట్టు అనిపించలేదు వాళ్లకు. మా కాళహస్తి కన్నప్పది మరీ తెగువ. మాంసం నమిలి చూసి మంచి ముక్కలే శివుడికి తెచ్చాడు, నోటినీళ్లతో అభిషేకం చేశాడు. పాపం, తెలియక చేశాడు కాబట్టి శివుడు మన్నించాడని పెద్దలు సర్దిచెబుతారు. నేనొప్పుకోను. ఉత్త మన్నింపే అయితే కాళహస్తి కొండమీద కన్నప్పకు గుడెందుకు?

అత్తగారి నియమాన్ని తేలిక చేయడం లేదు. తొలిరుచి తనది కాదనుకోవడం ఎంత నిగ్రహం! కానీ ఆ చేతికి కొలత ఎక్కడినుంచి వచ్చింది? అదే పొయ్యి, అదే ఉప్పు, పెరట్లో అదే చింతచెట్టు, 40 ఏళ్లు. అన్నేళ్లూ ప్రసాదం తిన్న నాలుకే చేతికి లెక్క నేర్పింది. ఊరు మారితే చెయ్యి మళ్లీ చంటిదవుతుంది. ఏ చెట్టు పండో, ఏ చేని మిరపో తెలియని చోట నాలుకనే అడగాలి. ఉగ్గు పెట్టే తల్లి ముందు తన పెదవికి తాకించుకుని వేడి చూసుకుంటుంది కదా.

ఈసారి గరిటెడు జామ్ విడిగా తీసి చల్లార్చాను. వేడిమీద నాలుక కాలుతుందే తప్ప కారం తెలియదు. నోట్లో వేసుకున్నాను. కారం సరిపోయింది, బెల్లం చాల్లేదు. ఇంకో గుప్పెడు వేసి, దగ్గరపడ్డాక వేరే చెంచాతో మళ్లీ చూశాను. అత్తగారి ఫోటో వంటింటి గోడకే ఉంది. అటు తిరిగి, "అత్తయ్యా, ఇవాళ రుచి చూశాను" అని చెప్పి, వెండిగిన్నెలోకి తీసుకుని దేవుడి గదిలోకి వెళ్లాను.