శ్రీశైలానికి ఏ దిక్కున?

మాది తెనాలి, పౌరోహిత్యం. సంకల్పంలో గోత్రనామాలకు ముందు దేశం చెప్పించాలి. జంబూద్వీపం, భరతవర్షం, మేరువుకు దక్షిణం, శ్రీశైలానికి ఏ దిక్కు, ఏ రెండు నదుల మధ్య. ఆఖరికి ఇల్లు సొంతమా, అద్దెదా అన్నదాకా వస్తుంది. మా ఊళ్లో కృష్ణా కావేరుల మధ్య అనేది, కృష్ణ దాటి బెజవాడ వెళ్తే కృష్ణా గోదావరుల మధ్య అవుతుంది.

ఎస్టీడీ రోజుల్లో ఫోన్ నంబరూ ఇదే వరసలో నడిచేది. సున్నా, ఊరి కోడు, ఆ తర్వాత ఇల్లు. మాకు 08644, బెజవాడకు 0866, హైదరాబాదుకు 040. సున్నా తీసేస్తే ఎక్కడైనా పది అంకెలే. ఊరు పెద్దదైన కొద్దీ కోడు పొట్టిదై ఇళ్లకు అంకెలు మిగిలేవి. సెల్ వచ్చాక ఊరు పోయి సర్కిల్ మిగిలింది. 2014లో రాష్ట్రం రెండైనా ఆ లెక్కలో మనది ఇంకా ఒకటే. 2015 జూలై నుంచి సర్కిల్ దాటినా పాత నంబరే ఉంచుకోవచ్చన్నారు. అంకెలు చూసి ఎక్కడివాళ్లో చెప్పే విద్య అక్కడితో సరి.

నేననేది, నంబరు సంకల్పంలో చోటు మార్చుకుంది. దేశం వైపు నుంచి గోత్రం వైపు జరిగింది. మనిషి ఎటు పోతే అటు వెంట వస్తుంది. గోత్రం కంటే మొండిది కూడా: పెళ్లయితే ఆడపిల్ల గోత్రం మారుతుంది, నంబరు మారడం లేదు.

మొన్న డాలస్ నుంచి ఒకాయన వీడియోలో సత్యనారాయణ వ్రతం చేయించమన్నారు. నంబరు ఇక్కడిదే. “అయ్యగారూ, మనూరి దేశమే చెప్పించండి, మనసంతా అక్కడే” అన్నారు. నేను ఒప్పుకోలేదు. అక్షతలు పట్టిన చెయ్యి ఎక్కడుంటే అదే దేశం. అక్కడి వాడుక ప్రకారం క్రౌంచద్వీపం, రమణకవర్షం, ఐంద్రఖండం అనే చెప్పించాను. అదే ఆయన తరఫున నేనిక్కడ చేస్తే గోత్రనామాలు ఆయనవి, దేశం తెనాలిది.

ఆత్మకు చోటెక్కడిది, ఈ పట్టుదలేమిటని మా అబ్బాయి వాదన. ఆత్మకు లేదు, నిజమే. కానీ వ్రతానికి కూర్చునేది ఒళ్లు. పీట మీద మోకాళ్లు పట్టేసి, ప్రసాదం ఎప్పుడా అని చూసే ఒళ్లు. బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లోనే శంకరులు తేల్చారు, విధినిషేధాలన్నీ ఈ దేహమే నేననుకునేవాడికేనని.

వాడు ఊరుకోడుగా. “మరి ఓటీపీ ఎవరికొస్తుంది నాన్నా, ఆత్మకా ఒంటికా?” అన్నాడు.

ఫోను ఎవరి చేతిలో ఉంటే వాళ్లకిరా అన్నాను.