వికారం

తెలుగులో 'వికారం' అనే మాటకి రెండు అర్థాలున్నాయి. చూసేవాళ్ళకి వికారంగా కనిపించడం ఒకటి, మనకి కడుపులో వికారంగా ఉండడం ఇంకొకటి. మొదటి అర్థాన్ని ఇరవైతొమ్మిదేళ్ళపాటు మోశాను. రెండోదాన్ని ఎనిమిదేళ్ళుగా మోస్తున్నాను. రెంటికీ మధ్య ఉన్నది ఒక ఆపరేషన్.

బరువు తగ్గడానికి చేసే ఆపరేషన్లలో నాది గ్యాస్ట్రిక్ బైపాస్. 1966లో అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ మొదలుపెట్టిన పద్ధతి కాలక్రమంలో మారుతూ ఇప్పటి రూపానికి వచ్చింది. జీర్ణాశయం పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని వేరుచేసి, దాన్ని చిన్నపేగుకి కలుపుతారు. 118 కిలోల నేను 76 కిలోలయ్యాను. షుగరు మందులు ఆగిపోయాయి. మూడో అంతస్తులో ఉన్న మా డిపార్ట్‌మెంట్‌కి ఎక్కడా ఆగకుండా ఎక్కుతున్నాను. ఇదంతా నిజమే. వారంలో నాలుగైదు రోజులు పొద్దుటి నుంచీ కడుపులో తిప్పుతూ ఉంటుందన్నదీ నిజమే. పోపు ఘాటు తగిలితే ఓకరింత వస్తుంది. ముద్ద కాస్త పెద్దదైనా, తింటూ నీళ్ళు తాగినా ఆ పూటకి ఇక అంతే. ప్రసాదమని పరమాన్నం నాలుగు చెంచాలు తింటే ఒళ్ళంతా చెమటలు, గుండెదడ.

ఈ రెండో నిజం చెప్పినప్పుడల్లా వినిపించే జవాబు ఒకటుంది: "నువ్వే కదా చేయించుకున్నావు!"

కోరి తెచ్చుకున్న బాధ గురించి మాట్లాడే హక్కు మనిషికి ఉండదా?

ఈ జవాబు రెండు వైపుల నుంచి వస్తుంది. "ఇప్పుడు నలుగురిలో చక్కగా కనిపిస్తున్నావు, ఇంకా ఏంటే?" అంటారు బంధువులు. వాళ్ళ దృష్టిలో నా వికారం కృతఘ్నత. "శరీర రాజకీయాల మీద పేపర్లు రాసేదానివి, నువ్వు కూడానా?" అన్నారు కొందరు స్నేహితురాళ్ళు. వాళ్ళ లెక్కలో అది శిక్ష. నన్ను లావుగా ఉండనివ్వనివాళ్ళూ, లావుగా ఉండిపోనందుకు తప్పుపట్టినవాళ్ళూ చివరికి ఒకే మాట దగ్గర కలిశారు.

ఆ మాట మనకి కొత్తది కాదు. ప్రేమించి పెళ్ళి చేసుకున్న అమ్మాయి పుట్టింటికొచ్చి ఏడిస్తే వినేది ఇదే: "నువ్వే కదా చేసుకున్నావు." 'ఎంపిక' అనే మాటను స్త్రీలు ఎంతో పోరాడి సంపాదించుకున్నారు. ఇప్పుడు ఆ మాటతోనే వాళ్ళ నోరు మూయిస్తున్నారు. మా పెదనాన్నకీ బైపాస్ అయింది, గుండెకి. ఆయనా కాగితం మీద సంతకం పెట్టే థియేటర్‌లోకి వెళ్ళాడు. ఆయనకి ఆయాసం వస్తే మాత్రం ఇంటిల్లిపాదీ లేచి కూర్చుంటారు. ఎవరూ సంతకం గుర్తుచేయరు.

ఆడవాళ్ళ వికారానికి మన దగ్గర ఒకే ఒక్క గౌరవప్రదమైన అర్థం ఉంది, వేవిళ్ళు. పెళ్ళిళ్ళలో నేను భోజనం మధ్యలో లేచి వాష్‌బేసిన్ దగ్గరికి పరిగెడితే, వెనకనుంచి "విశేషమా?" అని నవ్వుతూ అడుగుతారు. కాదంటే ఆ నవ్వు ఆరిపోతుంది. మగవాడి వికారానికైతే సాహిత్యంలో పెద్దపీటే ఉంది. సార్త్ర్ 1938లో ఆ పేరుతోనే నవల రాశాడు. చెట్టు వేరును చూస్తూ కథానాయకుడికి కలిగిన వికారం అస్తిత్వ తత్వంగా మారి మా క్లాసురూముల్లోకి వచ్చింది. వంశానికీ తత్వానికీ పనికిరాని నా వికారం ఎవరి లెక్కలోకీ రాదు.

లెక్కలోకి రాకపోవడం వల్ల మనసు నొచ్చుకోవడంతో ఆగదు. ఈ ఆపరేషన్ అయిన ఏళ్ళ తర్వాత కూడా కుట్టు కలిసిన చోట పుండు పడొచ్చు, దారి సన్నబడొచ్చు, పిత్తాశయంలో రాళ్ళు రావచ్చు, పేగు జారి మెలిపడొచ్చు. వాంతులు ఆగకపోతే థయమిన్ అనే బి1 విటమిన్ తరిగిపోయి మెదడే దెబ్బతినొచ్చు. నేను మొదట వెళ్ళిన చోట డాక్టరు ఏ పరీక్షా రాయకుండా "ఎక్కువ తింటున్నారేమో" అన్నాడు. వేరేచోట ఎండోస్కోపీ చేస్తే పుండు బయటపడింది. మందులతో అది మానింది, వికారం సగం తగ్గింది. మిగిలిన సగం మిగిలే ఉంది.

ఆ సగంతో బతకడం కొంతవరకు నేర్చుకున్నాను. చిన్న ముద్ద, నిదానంగా నమలడం, తిన్నాక అరగంట దాకా నీళ్ళు ముట్టకపోవడం. బ్యాగులో నిమ్మకాయ. పాఠం మధ్యలో ఆగి రెండు నిమిషాలు కిటికీ దగ్గర నిలబడితే విద్యార్థులు అలవాటుపడ్డారు. దీన్ని చూసి "నీది భూదేవంత ఓర్పు" అంటే మాత్రం నాకు భయం వేస్తుంది. నోరు మూసుకున్నదానికే ఆ బిరుదు దొరుకుతుంది. ఆ ఓర్పుతోనే కూర్చుని ఉంటే పుండు సంగతి ఎప్పటికి తెలిసేది?

మళ్ళీ ఆ వయసులో, ఆ శరీరంతో ఉంటే సంతకం పెడతావా అని అడిగితే, పెడతాననే చెప్తాను. పశ్చాత్తాపపడితేనే నా బాధ వింటామనడం కూడా ఒక షరతే. పశ్చాత్తాపం వేరు, ఫిర్యాదు వేరు. నేను సంతకం పెట్టింది కత్తికి, మౌనానికి కాదు.

మనలో ఎవరైనా ఇలా చెప్పుకుంటే "ఎందుకు చేయించుకున్నావు?" అని అడగడం తేలిక. "ఎప్పటి నుంచి? ఏం తింటే? రక్తపరీక్ష ఎప్పుడు చేయించావు?" అని అడిగేవాళ్ళు కావాలి.