పాత కొమ్మ, లేత కొమ్మ



చలి దేశములలో డాగ్‌వుడ్ అను పొద ఒకటి కలదు. 1874లో కాకినాడకు మిషనరీలను పంపిన కెనడా దేశములో దీని ఎర్రకొమ్మల జాతి వాగుల ఒడ్డున, చిత్తడి నేలలలో తనంతట తానే పెరుగును. సైబీరియా జాతిని ఇంగ్లండు వారు తోటలలో పెంచుదురు. ఆకులు రాలి, పూలు లేని శీతకాలములో ఆ కొమ్మలు మంచు నడుమ నిప్పుకణికల వలె కనబడును. ఆ రంగు కొరకే దానిని నాటుదురు.

అయితే ఆ రంగు లేత కొమ్మలదే. ఏండ్లు గడిచిన కొమ్మ మసకబారిపోవును. కాబట్టి చలి ముగియు దినములలో, మార్చి నెల ప్రాంతమున, తోటమాలి పాత కొమ్మలను నేలకు రెండు మూడు అంగుళముల ఎత్తున కోయును. ఆ వేసవిలో లేచిన కొమ్మలు వచ్చే శీతకాలమునకు ఎర్రబారును.

ఇది చదివినప్పుడు మాకొక ప్రశ్న తోచినది. ఏ తప్పు చేసెనని పాత కొమ్మను కోయవలెను?

ఇది తోటకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. బ్రతుకుతెరువు కొరకు వచ్చి, ఊరు కాని ఊరిలో తెలుగు ఆరాధన నిలిపిన పెద్దలు మన సంఘములలో ఉన్నారు. నేడు యౌవనస్థులు కమిటీలో చోటు అడుగుచున్నారు. "మేము కట్టినది అప్పగించి మూలన కూర్చుందుమా?" అని పెద్దల బాధ. "మా వంతు ఎప్పుడు?" అని పిల్లల బాధ. రెండూ నిజమైన బాధలే.

తోటమాలి పని చూడుడి. నాటిన మొదటి ఏడాది అతడు కత్తి పట్టడు. వేరు ఇంకా బలపడలేదు. పాత కొమ్మల ఆకులు సిద్ధపరచిన ఆహారము వేళ్లలో నిలువయుండును. కోసిన తరువాత లేత కొమ్మ ఆ నిలువతోనే లేచును. బలము తక్కువైన పొదకు ఒకేసారి అన్నియు కోయక, ఏటికి మూడవ వంతే కోయును. కోసిన పిమ్మట మొదట ఎరువు వేయును. కాబట్టి తమ రంగు తమదేనని యౌవనస్థులు అతిశయింపరాదు. ఒక్క దినమున పెద్దలనందరిని దింపుట సంఘమునకు మేలు కాదు.

అయినను మనిషి కొమ్మ కాడు. కొమ్మ తనంతట తాను చోటియ్యలేదు, మనిషి ఇయ్యగలడు. పెద్దను తోసివేయుట అన్యాయము; పెద్ద తానే చోటిచ్చుట ప్రేమ. సంఖ్యాకాండము 27వ అధ్యాయములో తన తరువాత నాయకుని నియమింపుమని దేవుని అడిగినవాడు మోషేయే. సమాజమంతటి యెదుట యెహోషువ మీద చేతులుంచినవాడును అతడే.

రాబోవు సంఘ కూటములో ఏ బాధ్యతనైనను అప్పగింపగల పెద్దలు ముందుగా తామే లేచి చెప్పుదురు గాక. అందుకొన్న యౌవనస్థుడు ఆ పెద్ద ప్రక్కనే కూర్చుండి పని నేర్చుకొనును గాక. ప్రభువు మనకందరికి అట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.