తల్లి విస్తరియే బిడ్డకు తొలి పాఠము

ప్రహ్లాదుడు తల్లి కయాధువు గర్భమునందుండియే నారదమహర్షి ఉపదేశమును గ్రహించెనని శ్రీమద్భాగవతము సప్తమస్కంధమున గలదు. గర్భస్థశిశువు చెవికి అట్టి సంస్కారము కలుగునన్నచో, నాలుకకు మాత్రము కలుగకుండునా?

తల్లి భుజించిన పదార్థముల రుచి గర్భజలమునకును, పిదప స్తన్యమునకును సంక్రమించునని నేటి శాస్త్రజ్ఞులును చెప్పుచున్నారు. 2001లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన ఇందుకు నిదర్శనము. గర్భధారణ చివరి మాసములలో గాని, పాలిచ్చు తొలి రెండు మాసములలో గాని క్యారెట్ రసము త్రాగిన తల్లుల శిశువులు, తరువాత ఆ రుచిగల ఆహారమును తక్కువ వెగటుతో స్వీకరించిరట.

ఆరవ మాసమున లఘువును హితమును అగు అన్నమును శిశువునకు పెట్టవలెనని సుశ్రుతసంహిత చెప్పినది. అంతటితో శిశువు నాలుకతోపాటు కంటితో కూడ నేర్చుకొన నారంభించును. తల్లి కాకరకాయ ముక్కలను విస్తరి అంచునకు నెట్టి, "నీవు తినుము నాయనా" అన్నచో బిడ్డ ఆమె మాటను వినడు. ఆమె చేతిని చూచును. ఆమెయే ప్రీతితో తినుచు చిన్న ముద్ద అందించినచో, నేడు ఉమిసినను పదిమారులకైన అలవాటు పడును. బెదిరించి కుక్కుట వలదు.

దశమస్కంధమున యశోదాదేవి ఆటలో మునిగిన రామకృష్ణులను భోజనమునకు పిలుచుచు, నందుడు భుజింపక మీకై ఎదురుచూచుచున్నాడని చెప్పినది. పెద్దలతో కలసి తినుటయే ఆ ఇంట ఆచారము.

మరి మన ఇండ్లలో ఆ తల్లి ఎప్పుడు తినుచున్నది? అందరి భోజనములైన పిదప, వంటింట ఒంటరిగా, గిన్నెల అడుగున మిగిలినది తినుచున్నది. బిడ్డ ఆమె తినుట చూడనేలేదు. చూచి నేర్చుకొనుట ఎట్లు?

యజ్ఞశిష్టమును భుజించుట ధర్మము కాదా యని కొందరడుగవచ్చును. భగవంతునికి నివేదింపగా మిగిలినది యజ్ఞశిష్టము, అది ప్రసాదము. ఇంటివారందరు తినగా మిగిలిన చల్లారిన కూర యజ్ఞశిష్టము కానేరదు. గర్భవతులకు అతిథులకంటెను ముందుగా, ఏ విచారణయు లేక భోజనము పెట్టవలెనని మనుస్మృతి తృతీయాధ్యాయము శాసించుచున్నది. అతిథిని దైవముగా కొలుచు ధర్మమే ఈ మాట చెప్పినదని గమనింపవలెను.

వ్రతముల విషయమునను ఇట్లే. జలము, కందమూలములు, ఫలములు, పాలు, ఔషధము వ్రతభంగకరములు కావని మహాభారతము చెప్పుచున్నది. గర్భిణియు, పాలిచ్చు తల్లియు నిరాహారముగా ఉండి శోషించుటను భక్తియని పొగడుట ఇంటి పెద్దలకు తగదు. ఆమె ఆకలి ఆమెది మాత్రమే కాదు.

కావున గృహస్థులారా! నివేదనమైన పిమ్మట బిడ్డ ప్రక్కనే తల్లికి కూడ విస్తరి వేయుడు. వేడి అన్నము, పప్పు, ఆకుకూర, పెరుగు ఆమెకును నిండుగా వడ్డింపుడు. అమ్మలారా! బిడ్డ ఏది తినవలెనని కోరుదురో దానిని మీరు ముందు ప్రసాదబుద్ధితో భుజింపుడు. గోవిందనామము పలికి తల్లి నోట పెట్టుకొను తొలి ముద్దను బిడ్డ చూచునుగాక. అన్నమును గౌరవించుట వానికి అక్కడనే అలవడును.