నడుమ భూమి

1660లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన సెల్లారియస్ ఖగోళ పటాల్లో ఒకటి నాకు మరీ ఇష్టం. నడుమ భూమి. చుట్టూ వరసగా చంద్రుడు, బుధుడు, శుక్రుడు, సూర్యుడు, కుజుడు, గురుడు, శని. అప్పటికి కోపర్నికస్ పుస్తకం వచ్చి నూరేళ్లు దాటింది. ఆయన చెప్పిన సూర్యకేంద్ర పటమూ అదే సంపుటంలో ఉంది.

ఆ పాత పటాన్ని అజ్ఞానానికి గుర్తుగా చూపిస్తే నా మనసు ఒప్పుకోదు. మన వారాల వరస ఆ వలయాల్లోంచి వచ్చిందే. శనితో మొదలుపెట్టి లోపలికి వస్తూ గంటకో గ్రహాన్ని లెక్కపెట్టండి. చంద్రుడి దాకా వచ్చాక మళ్లీ శని. ఇరవై నాలుగు గంటలు గడిచేసరికి మర్నాటి మొదటి గంట సూర్యుడిది, ఆ మర్నాటిది చంద్రుడిది. శనివారం, ఆదివారం, సోమవారం. భూమిని నడుమ నుంచి తప్పిస్తే ఈ వరస కుదరదు.

పుదుచ్చేరిలో ఈ రెండు పటాలూ ఎదురుపడ్డాయి. సూర్యుడి దూరం తేల్చడానికి ఫ్రాన్సు నుంచి బయల్దేరిన ఖగోళవేత్త లె జాంతీ, 1761లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటేనాటికి నడిసముద్రంలో ఉన్నాడు. పుదుచ్చేరి అప్పటికే ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కింది. మరో అవకాశం కోసం ఎనిమిదేళ్లు ఆగాడు. 1768లో ఈ ఊరు చేరి, పాడుబడ్డ కోటలో వేధశాల కట్టించుకున్నాడు. 1769 జూన్ 4 తెల్లవారుజామున మబ్బు పట్టింది. శుక్రుడు దాటిపోయాక ఎండ కాసింది. ఆ దుఃఖం తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

ఆయన ఇక్కడ ఉన్న రోజుల్లోనే, భూమిని నడుమ పెట్టి లెక్కకట్టే ఒక తమిళ జ్యోతిష్కుడి దగ్గర గ్రహణ గణితం నేర్చుకున్నాడు. కాగితం లేదు, కలం లేదు. సూత్రాలన్నీ కంఠస్థం. నోటితో వల్లిస్తూ, చేత్తో గవ్వలు జరుపుతూ లెక్క తేల్చేవారు. 1765 ఆగస్టు 30 నాటి చంద్రగ్రహణం ఎంతసేపు ఉంటుందో ఆ పద్ధతిలో కడితే అసలు కన్నా 41 సెకన్లు తగ్గింది. యూరప్‌లో పేరుమోసిన మేయర్ చంద్రగతి పట్టికలు 68 సెకన్లు ఎక్కువ చూపించాయి.

గుళ్లో నవగ్రహాల నడుమ సూర్యుడుండటం చూపి, పెద్దలకు అంతా ముందే తెలుసనేవాళ్లున్నారు. అలా సమర్థించాల్సిన పని లేదు. వాళ్లు నిలబడ్డ నేల మీదినుంచే చూశారు, తరాల తరబడి చూసిందాన్ని లెక్కకట్టారు. పైగా చంద్రుడు తిరిగేది నిజంగానే భూమి చుట్టూ. అతని వరకూ ఆ పటంలో భూమి ఉండాల్సిన చోటే ఉంది.