నచ్చినది, మంచిది, మనది

పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యని మనవారు చెప్పుదురు. సంగీతము విషయమున ఈ సామెతను ఎల్లరును ఒప్పుకొందురు. ఒప్పుకొనిన మరుక్షణముననే ఫలానా పాట గొప్పది, ఫలానా పాట పనికిరానిది యని వాదమునకు దిగుదురు. రుచి కేవలము ఎవరిది వారిదే యైనచో వాదమేల? ఒకరికి గోంగూర యిష్టము, మఱియొకరికి కాదు. అందులకై ఎవరును పంతములు పట్టరు. పాటలపై మాత్రము ఇండ్లలోను, సభామందిరముల మెట్లమీదను, రైలుపెట్టెలలోను తగవులు జరుగుచునే యున్నవి. కావున పాటను గూర్చి మాటలాడునపుడు మన నాలుకను గూర్చియే కాక ఆ పాటను గూర్చియు ఏదియో సత్యము చెప్పుచున్నామని మన నమ్మకము. ఈ నమ్మకము న్యాయమైనదేనా? శాస్త్రము తెలియని శ్రోతకు అభిప్రాయము చెప్పు నధికారము కలదా?

తరతరములుగా పరభాషల నడుమ కాపురముండు మనకు ఈ ప్రశ్న మఱింత చిక్కైనది. 'నచ్చినది', 'మంచిది' అను రెండు మాటలతో పాటు మన యిండ్లలో 'మనది' అను మూడవ మాట కూడ వచ్చి కలియును. ఈ మూడింటిని విడదీసి చూచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మేము సంగీతము నేర్చినవారము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, గుమాస్తా పనిలో జీవితము గడిపి విశ్రాంతి పొందినవారము. పగలు ఒక కచేరీ, సాయంకాలము మఱియొక కచేరీ యని మిత్రులు మమ్ము పరిహసించెడివారు. ఆ మొదటి కచేరీయే రెండవదానికి కావలసిన బుద్ధిని మాకు నేర్పినది. గుమాస్తా పని దస్త్రము చదివి నోటు వ్రాయుట. ఉత్తర్వు వ్రాయుట అతని పని కాదు. అయినను నోటు లేనిదే ఉత్తర్వు లేదు. నోటు నమ్మదగినదిగా నుండవలెనన్నచో మూడు నియమములు కలవు. దస్త్రమును ఆసాంతము చదువవలెను. ఉన్నది ఉన్నట్లు వ్రాయవలెను. అర్జీ పెట్టుకొన్నవాడు ఎవరి బంధువో చూడరాదు. శ్రోతయొక్క అభిప్రాయము కూడ ఇట్టి నోటే యని మా తలంపు. అది తీర్పు కాదు, సాక్ష్యము. సాక్ష్యము చెప్పుటకు పాండిత్యము అక్కరలేదు, నిజాయితీ అక్కర.

మొదటి నియమము ఆసాంతము వినుట. పూర్వపు 78 చుట్ల రికార్డు ఒక ప్రక్కకు మూడు, మూడున్నర నిమిషములే పట్టెడిది. 1948లో అమెరికాలో కొలంబియా సంస్థ దీర్ఘకాలపు రికార్డును తెచ్చిన పిమ్మట ఒక ప్రక్కను ఇరువది నిమిషములకు పైగా వినుట సాధ్యమైనది. ఈనాడు చేతిలోని ఫోనునందు లోకములోని సంగీతమంతయు నున్నది. కాని బొటనవ్రేలు పది క్షణములైన నిలువదు. పది క్షణములు విని చెప్పినది అభిప్రాయము కాదు, తొందర.

అమెరికా నీగ్రో జాతివారు పెంచి పోషించిన జాజ్ సంగీతమునకు మైల్స్ డేవిస్ అను బూరవాద్యకారుడు పేరుగాంచినవాడు. 1959లో ఆయన 'కైండ్ ఆఫ్ బ్లూ' అను రికార్డును న్యూయార్కులో రెండు దినములలో ముగించెను. మొదటిసారి వినినపుడు మాకు అందులో ఏమియు జరుగుచున్నట్లు తోచలేదు. పల్లవి యెప్పుడు వచ్చునా యని మన చెవి ఎదురు చూచును; అది రాదు. నాలుగవసారి వినునప్పటికి తెలిసినది, ఆ వాద్యకారులు పరుగు మాని కొద్ది స్వరముల నడుమ నిలిచి ఆలోచించుచున్నారని. అది రాగాలాపన కాదు, గమకములు లేవు. అయినను తొందరపడకుండుటలోని సౌఖ్యము అందు కలదు. మొదటి దినమే అభిప్రాయము చెప్పియున్నచో అది మా అలవాటును గూర్చిన మాటయే అయ్యెడిది.

అభిప్రాయము వయస్సుతో మారుట దోషము కాదనుటకు మఱియొక నిదర్శనము. గ్లెన్ గూల్డ్ అను కెనడా దేశపు పియానో విద్వాంసుడు బాఖ్ రచించిన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్లను 1955లో ఇరువది రెండేండ్ల వయస్సున రికార్డు చేసెను. సుమారు 38 నిమిషములు పట్టినది. అదే కృతిని 1981లో మరల రికార్డు చేసినపుడు సుమారు 51 నిమిషములు పట్టినది. మొదటిది సెలయేఱు, రెండవది నిండు చెఱువు. మేము రెండవదానినే ఎక్కువగా విందుము. కాని మా మనుమల యీడువారు మొదటిదానిని మెచ్చినచో వారిని తప్పుపట్టలేము. వాయించినవాడే ఒక అభిప్రాయముతో తృప్తి పడనపుడు వినువాడు పడవలెనని నియమమేమి?

రెండవ నియమము ఉన్నది ఉన్నట్లు చెప్పుట. ఇది కష్టతరమైనది. పదిమంది చేతులు జోడించు రికార్డును విని, మనసు కదలకున్నను కదలినట్లు నటించుట సభామర్యాదగా చెల్లుచున్నది. వేఱొక విధమైన అసత్యము కూడ కలదు: మన దుఃఖమును రికార్డుపై మోపుట. 1974లో గతించిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారి చివరి కృషులలో భగవద్గీత యొకటి. శ్లోకమును పాడి, తాత్పర్యమును తెలుగులో పలికిన ఆ కంఠము తెలుగువారున్న చోట్ల మృతుల యిండ్ల ముందు మ్రోగుట ఆచారమైనది. కావున ఎందరో దానిని మామూలు దినములలో వినుటకే జంకుదురు. ఆ జంకు నిజమే, దానిని కాదనరాదు. కాని అది మన యింటి జ్ఞాపకమే గాని గానమునందలి గుణదోషము కాదు. ఒక ప్రశాంతమైన ప్రాతఃకాలమున విన్నచో, ఆ తాత్పర్యము పలుకుటలోని నిదానమును, అక్షరము అరుగని ఉచ్చారణను గుర్తింపగలము.

పండితుల మాటకును పామరుల మాటకును పొత్తు కుదురని చోట కూడ ఉన్నదే చెప్పవలెను. 1980లో వచ్చిన 'శంకరాభరణము' చిత్రపు పాటలు తమిళనాట ఇంటింట మ్రోగినవి. శాస్త్రీయముగా కర్ణాటక సంగీతమును అభ్యసింపని బాలసుబ్రహ్మణ్యముగారికి ఆ పాటలకే జాతీయ బహుమానము లభించినది. ఇది శుద్ధమైన సంప్రదాయము కాదనుట సత్యము. రాగము పేరే యెఱుగని వేలకొలది జనులు ఆ పాటల వలన కచేరీ హాలు గడప త్రొక్కిరనుటయు సత్యమే. ఒక సత్యము మఱియొక దానిని కొట్టివేయదు.

ఇక మూడవ నియమము, మనకు ముఖ్యమైనది. కాకిపిల్ల కాకికి ముద్దు అని ఒక సామెత. పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదని వేఱొక సామెత. మన కుటుంబములలో పెద్దలది మొదటి దోషము, పిల్లలది రెండవ దోషము. తెలుగు పాట యైనచో చాలును, గొప్పదే యని పెద్దలు. తెలుగు పాట కావుననే పాతదని పిల్లలు. ఇరువురును పాటను వినుట లేదు, పేరును చూచుచున్నారు.

త్యాగరాజస్వామి కీర్తనలను తెలుగు రాని విద్వాంసులు పాడునపుడు పదము ఎక్కడ విఱుగునా యని కాచుకొని యుండి నవ్వుకొనువారు మనలో కలరు. పదము విఱుగుట లోపమే. కాని ఆ కీర్తనలను రెండు శతాబ్దములుగా కావేరీతీరమున గురుశిష్య పరంపరగా నిలిపినవారిలో ఎక్కువమంది మాతృభాష తెలుగు కాదు. అన్నమాచార్యుల రాగిరేకులపై రాగము పేరున్నదే గాని స్వరము లేదు. స్వరములు తరువాతి విద్వాంసులు కూర్చినవి. మధురలో పుట్టిన సుబ్బులక్ష్మిగారు ఆ సంకీర్తనలను దేవస్థానము వారి పంచరత్నమాల రికార్డులలో పాడి మన యిండ్లకు చేర్చిరి. కన్నడదేశమున పుట్టిన భీమ్‌సేన్ జోషిగారు మరాఠీ అభంగములు పాడగా మహారాష్ట్రులు ఆయనను తమవాడనుకొనిరి. ఇళయరాజాగారు 1986లో 'హౌ టు నేమ్ ఇట్' అను రికార్డును త్యాగరాజస్వామికిని, బాఖునకును అంకితము చేసిరి. అందు కొన్ని చోట్ల ఆ రెండు ప్రవాహములు చక్కగా కలిసినవి; కొన్ని చోట్ల ప్రక్కప్రక్కనే పాఱినవని మాకు తోచును. ఇంగ్లీషువాడైన జాన్ మెక్లాఫ్లిన్ మనవారైన శంకర్, విక్కు వినాయకరామ్, జాకీర్ హుస్సేన్ ప్రభృతులతో కూడిన 'శక్తి' బృందముయొక్క మొదటి రికార్డు 1976లో వెలువడినది. అందు వేగము ఆనందమే; అప్పుడప్పుడు వేగమే గమ్యమైనట్లు తోచును. అట్టివేళ ఘటము వినుచుండినచో మనసు కుదుటపడును. మనవారున్నారని ఈ మాటను మ్రింగుకొనలేము, పరులున్నారని పెంచి చెప్పలేము.

ఇచట ఒక ఆక్షేపణ కలదు. అల్పసంఖ్యాకులమైన మనకు పాటయే భాషకు చివరి ఊతకఱ్ఱ. తెలుగు అక్షరము రాని మనుమరాలు కూడ అన్నమయ్య సంకీర్తన పాడగలదు. అట్లుండగా మన పాటను మెచ్చుకొనుట ధర్మము కాదా? ఆక్షేపణ బలమైనదే. కాని నిలుపుకొనుట ధర్మము. మెచ్చుకొనుట ధర్మము కాజాలదు. ప్రతి తెలుగు రికార్డును గొప్పదని చెప్పు తాతగారి మాటను పిల్లలు త్వరలోనే లెక్కించుట మానుదురు. నిజముగా గొప్పదైనది చేతికి వచ్చిన దినమున ఆయన చెప్పినను వారు నమ్మరు. అప్పుడు పోవునది తాతగారి గౌరవము మాత్రమే కాదు, ఆ పాట కూడ.

తల్లి పాడిన జోలపాట శ్రుతి తప్పినను తల్లి పాటయే. దానిని గొప్ప సంగీతమని రుజువు చేయనక్కరలేదు. గొప్ప సంగీతము కాదని విడువనక్కరలేదు. 'ఇది మనది, అందుచే నాకు ప్రియము' అనుట పూర్తి వాక్యము. దానికి 'మంచిది' అను ముద్ర కావలెనని కోరుట ప్రేమలోని అపనమ్మకము.

కావున పాఠకమహాశయులకు మా మనవి యిది. పిల్లలు తమ పాట పెట్టినపుడు చివరివఱకు విందము. తరువాత మన రికార్డు పెట్టి, వారిని చివరివఱకు వినుమని కోరుదము. వినిన పిమ్మట నచ్చినది నచ్చినట్లు, నచ్చనిది నచ్చనట్లు, కారణముతో చెప్పుకొందము. మన సంఘముల వార్షికోత్సవములలో ఉపన్యాసము ఒకటి తగ్గించి ఇట్టి సాయంకాలము ఒకటి ఏర్పఱచినను మంచిదే. ఇంటిలో ఇరుతరములు కలిసి ఒక గంట మౌనముగా కూర్చుండుటయే ఈనాడు అరుదైనది.