ఆ ఒక్క లైనూ ఎవరు రాయాలి?

“దీన్ని కూడా కాంట్రిబ్యూషన్ అనే అంటారా అక్కా?” అని అడిగాడు తమ్ముడు.

పైథాన్‌లో రాసిన ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఇన్‌స్టలేషన్ గైడులో వాడు ఒక్క లైను చేర్చాడు. ముందు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తయారు చేసుకోమని చెప్పి, ఆ వెంటనే ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేయమంటుంది ఆ గైడు. మధ్యలో దాన్ని యాక్టివేట్ చేయాలన్న మాటే లేదు. విండోస్‌లో ఆ కమాండు వేరుగా ఉంటుందన్న సంగతీ లేదు. వాడి పుల్ రిక్వెస్టును మెర్జ్ చేశారు. అయినా వాడికి తృప్తి లేదు.

“కోడ్ రాసినవాళ్లు ఏళ్ల తరబడి కష్టపడ్డారు. నేను చేర్చింది ఒక్క లైను. పైగా ఆ సాఫ్ట్‌వేర్ లోపల ఏముందో నాకు తెలియదు. తెలియనివాడు తెలిసినవాళ్లను దిద్దడమేమిటి?”

ఆ చివరి మాటే అసలు ప్రశ్న అనిపించింది నాకు.

“న్యాయ దర్శనంలో నాలుగు ప్రమాణాలు చెబుతారు. శబ్దం అందులో ఒకటి. విషయం తెలిసి, ఉన్నదున్నట్టు చెప్పాలనుకునే ఆప్తుడి మాటను మనం నమ్ముతాం. డాక్యుమెంటేషన్ అలాంటి మాటే రా. కోడ్ విప్పి చూసే తీరిక లేనివాళ్లంతా ఆ మాట మీదే నడుస్తారు.”

“మరి నేను ఆప్తుణ్ణి కాను కదా.”

“కోడ్ విషయంలో కావు. కానీ ఆ గైడు మనిషిని ఎక్కడ వదిలేస్తోందో చెప్పడానికి నువ్వే ప్రత్యక్ష సాక్షివి. రాసినవాళ్లకు యాక్టివేట్ చేయడం వేళ్లకు అలవాటైపోయింది. ఎన్నిసార్లు చదివినా ఆ ఖాళీని మనసులోనే పూరించుకుని ముందుకు వెళ్లిపోతారు. తెలిసినదాన్ని తెలియనట్టు చదవడం ఎంత పండితుడికైనా కష్టమే. నీకైనా ఆ అవకాశం మొదటిసారి మాత్రమే. కొన్నాళ్లు పోతే నీకూ ఆ ఖాళీ కనిపించదు.”

2017లో గిట్‌హబ్ జరిపిన సర్వేలో అసంపూర్ణమైన లేదా పాతబడిన డాక్యుమెంటేషన్ తమకు ఎదురైందని 93 శాతం మంది చెప్పారు. కాంట్రిబ్యూట్ చేసేవాళ్లలో 60 శాతం మంది మాత్రం తాము డాక్యుమెంటేషన్ పని చేయడం అరుదనో, అసలు లేదనో అన్నారు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూస్తే నాకు బాధ కలుగుతుంది. మొదటి పేజీలోనే ఆగిపోయిన విద్యార్థి తప్పు గైడుదని అనుకోడు. తనకే చేతకాలేదనుకుని ఆ పక్కకే రావడం మానేస్తాడు.

“అయితే ప్లేస్‌మెంట్ల లోపు ఇలాంటివి ఇంకో ఇరవై వెతికి పంపిస్తా,” అన్నాడు వాడు ఉత్సాహంగా.

ఇది మాత్రం నేను ఒప్పుకోలేదు. 2020 అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ ఉత్సవంలో ఏం జరిగిందో చెప్పాను. నాలుగు పుల్ రిక్వెస్టులకు టీషర్టు అనేసరికి, రీడ్‌మీ ఫైళ్లలో అర్థం లేని మాటలు చేర్చి కుప్పలుగా పంపారు. మెయింటెయినర్లు పని మానుకుని వాటిని మూసివేస్తూ కూర్చోవలసి వచ్చింది. ఆ నెలలోనే నిర్వాహకులు నియమం మార్చి, ఇష్టపడి చేరిన ప్రాజెక్టులకే దాన్ని పరిమితం చేశారు.

“నువ్వు పంపిన ప్రతి మార్పునూ ఎవరో ఒకరు తెరిచి, చదివి, సరైనదో కాదో తేల్చాలి. చాలాచోట్ల ఆ ఒకరు జీతం లేకుండా, రాత్రి భోజనమయ్యాక కూర్చునే మనిషి.”

“అక్షరదోషం దిద్దడమూ స్పామేనా మరి?”

“కాదు. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ తన పుస్తకాల్లో తప్పు పట్టినవాళ్లకు 2.56 డాలర్ల చెక్కు పంపేవారు. అచ్చుతప్పుకైనా అంతే.”

వాడు వదల్లేదు. “ఒకే కామా అనుకో. చదువుతూ చదువుతూ చూసి దిద్దినవాడు ఒకడు, రెజ్యూమే కోసం గాలించి దిద్దినవాడు ఇంకొకడు. మెయింటెయినర్‌కు కనిపించేది డిఫ్ ఒక్కటే. మనసు కనబడదు. తేడా ఏముంది?”

కాసేపు ఆలోచించాను. “ఆ కామా వరకు తేడా లేదు. ఇద్దరిదీ మెర్జ్ చేయాల్సిందే. కానీ కామాల కోసం గాలించేవాడు, కామాలన్నీ సరిగ్గా ఉన్న తప్పు వాక్యాన్ని దాటుకుని వెళ్లిపోతాడు. అది చెప్పినట్టు చేసి చూసినవాడికే ఆ తప్పు తగులుతుంది.”

“నాకు అలాంటిదే ఒకటి తగిలింది. ఏమీ దొరక్కపోతే ఖాళీ లిస్టు ఇస్తుందని ఒక ఫంక్షన్ గురించి రాశారు. నడిపి చూస్తే నన్ (None) వస్తోంది. ఆ వాక్యం మార్చి పంపేస్తా.”

“ఆగు. నడిపి చూసి ఏం జరుగుతోందో తెలుసుకున్నావు. ఏం జరగాలో ఇంకా తెలియదు.”

పైథాన్ డిక్షనరీల కథ చెప్పాను. 2016 డిసెంబరులో వచ్చిన 3.6లో, కీలు వేసిన వరుసలోనే నిలవడం మొదలైంది. మెమరీ తగ్గించడానికి డిక్షనరీని కొత్తగా రాస్తే వెంట వచ్చిన గుణం అది. దాన్ని నమ్ముకోవద్దని డాక్యుమెంటు అప్పట్లో హెచ్చరించింది. 2017 చివర్లో పైథాన్ సృష్టికర్త గీడో వాన్ రోసమ్ ఆ వరుసను భాషా నియమం చేశారు. 2018లో వచ్చిన 3.7 నుంచి అది హామీ. డిక్షనరీ 3.6లోనూ అలాగే నడిచేది, కొత్తగా వచ్చింది వాక్యం. ఆ వాక్యం పడ్డాక, పైథాన్‌కు ఇంకెవరు ఇంటర్‌ప్రెటర్ రాసినా ఆ వరుస పాటించక తప్పదు.

“అంటే ఇక్కడ తప్పు కోడ్‌దే కావచ్చన్నమాట.”

“కావచ్చు. ఖాళీ లిస్టే వస్తుందని నమ్మి లూప్ రాసుకున్నవాళ్లు ఉంటారు. నువ్వు చడీచప్పుడూ లేకుండా ఆ వాక్యం మార్చేస్తే, వాళ్లకిచ్చిన మాటను నువ్వు వెనక్కి తీసుకున్నట్టే. ఆ అధికారం మనది కాదు. ఇష్యూ తెరిచి, మాట ఇచ్చినవాళ్లను అడగాలి.”

“ఇష్యూలో ఏమని రాయను?”

“వెర్షన్ రాయి. నువ్వు నడిపిన నాలుగు లైన్లూ పెట్టు. ఏ వాక్యం చదివి ఏం వస్తుందనుకున్నావో, ఏం వచ్చిందో చెప్పు. రెండింట్లో వాళ్ల ఉద్దేశం ఏదో అడుగు. వాక్యమే తప్పైతే నేను దిద్దుతానని రాయి.”

“కోడ్ తప్పైతే?”

“నువ్వే చెప్పు.”

“టెస్టు నేను రాసిస్తానంటా. ఫిక్స్ ఎక్కడ చేయాలో వాళ్లు చూపిస్తే, అదీ ప్రయత్నిస్తా.”